పాత గాలి తుపాకి: బాగుచేయుటయా, బలము పెంచుటయా?

కళాశాల వార్షిక సంచికలో తుపాకిని గురించి వ్రాయుట ఏమి సబబని కొందరు పాఠకులకు తోచవచ్చును. మా చేతికి కలమిచ్చిన గురువులకు ఇది అంతగా రుచించే విషయము కాదేమోనన్న సంకోచము మాకును కలిగినది. అయినను వ్రాయుటకు పూనుకొన్నాము. ఏలయనగా మేము చెప్పదలచినది తుపాకిని గురించి సగము, దానిని పట్టిన చేతిని గురించి సగము. ఈ కళాశాలలోనే చదివి, ఉద్యోగ నిమిత్తము అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రములో చాలకాలముగా కాపురమున్న కుటుంబము మాది. అక్కడ మా ఇంటికి వచ్చి చేరిన ఒక పాత వస్తువు మాకు కొన్ని ప్రశ్నలు వేసినది. వాటికి మేము చెప్పుకొన్న సమాధానములను ఇక్కడి విద్యార్థుల ముందు ఉంచుట మా ఉద్దేశము.

గాలి తుపాకులలో అనేక రకములు కలవు. మన జాతరలలో బుడగలు కొట్టుటకు ఇచ్చునది సాధారణముగా స్ప్రింగు తుపాకి. నాళమును మధ్యకు వంచి మూసినచో లోపలి స్ప్రింగు బిగుసుకొనును. మీట నొక్కగానే అది విడివడి గాలిని ముందుకు తోయును. దాని బలము ఎప్పుడును ఒక్కటే. మేము చెప్పబోవునది వేరొక రకము. అందులో నాళము క్రింద ఒక పంపు ఉండును. ముందు చేతి క్రిందికి వచ్చు కర్రను తెరచి మూసినచో ఒక పంపు కొట్టినట్లు లెక్క. సైకిలుకు గాలి కొట్టుటకును దీనికిని సూత్రములో భేదము లేదు. మూడు పంపులు కొట్టినచో కొంత బలము, ఎనిమిది కొట్టినచో అంతకంటె ఎక్కువ బలము. ఒక గుండు పేల్చగానే గాలి అయిపోవును, మరల మొదటినుండి కొట్టవలసినదే. అనగా గుండు ఎంత బలముగా పోవలెనో నిర్ణయించువాడు తయారుచేసినవాడు కాదు, ప్రతిసారియు దానిని పట్టుకొన్నవాడే. ఈ ఒక్క లక్షణము మూలముననే ఆ తుపాకి మా ఆలోచనకు కారణమైనది.

గాలి బలముతో గుండును తోయుట క్రొత్త విద్య కాదు. 18వ శతాబ్దము చివరి భాగములో ఆస్ట్రియా సైన్యము జిరాండోని అను పనివాడు రూపొందించిన గాలి తుపాకిని వాడినది. దాని వెనుక భాగమే గాలి డబ్బా. దానిని నింపుటకు సుమారు 1,500 సార్లు పంపు కొట్టవలసి ఉండెడిదని చెప్పుదురు. 1803-1806 మధ్య అమెరికా పశ్చిమ భాగమును శోధించిన లూయిస్, క్లార్క్ బృందము వెంట కూడ ఒక గాలి తుపాకి ఉండినది. కాని పంపును తుపాకిలోనే అమర్చి సామాన్య గృహస్థునికి అందుబాటులోనికి తెచ్చినది 20వ శతాబ్దపు అమెరికా కర్మాగారములే. సెయింట్ లూయిస్ నగరములో బెంజమిన్ సంస్థ 1902లో ఏర్పడినది. న్యూయార్క్ రాష్ట్రములోని రాచెస్టర్‌లో క్రాస్‌మన్ సంస్థ 1920 దశకములో తన తుపాకులను మొదలుపెట్టినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, 1947లో, మా విస్కాన్సిన్ రాష్ట్రములోనే రసీన్ పట్టణమునుండి షెరిడాన్ అను తుపాకి వెలువడినది. దాని గుండు వ్యాసము 5 మిల్లీమీటర్లు. అక్రోటు కర్ర, ఇత్తడి గొట్టము, దిట్టమైన పనితనము. మొదటి రకము ఖరీదు సామాన్యుని శక్తికి మించినది కావున 1949లో చౌకరకము ఒకటి తెచ్చినారు. నల్లరంగు వేసినది బ్లూ స్ట్రీక్, నికెల్ పూత పూసినది సిల్వర్ స్ట్రీక్. దశాబ్దముల తరబడి అమెరికా పల్లెలలో తండ్రి కొడుకునకు ఇచ్చిన తుపాకులలో ఇవి ముఖ్యమైనవి. 1977లో షెరిడాన్‌ను బెంజమిన్ సంస్థ కొన్నది. 1992లో ఆ రెండును క్రాస్‌మన్ చేతికి పోయినవి.

మాకు దొరికినది ఒక పాత సిల్వర్ స్ట్రీక్. మా వీధి చివర ఒక ముసలాయన గతించగా, పిల్లలు ఇంటి సామానులు వాకిట పరచి అమ్మకమునకు పెట్టినారు. పళ్లెములు, కుర్చీలు, రంపములు, వాటి నడుమ ఈ తుపాకి. అప్పటికి మా కుమారుని వయస్సు 15 ఏండ్లు. వాని కన్ను దానిపై పడినది. పంపు కొట్టి చూచినాము, గాలి నిలువలేదు. కర్ర తెరచి మూసినచో సుయ్యిమని వెనుకకు పోవుచున్నది. పనిచేయని వస్తువు గదా అని కొద్ది వెలకే ఇచ్చినారు. పనిచేయనిది గదా అని మేమును ధైర్యముగా తెచ్చుకొన్నాము. ఆ ధైర్యము సరియైనది కాదని తరువాత తెలిసినది.

ఊరికి దూరముగా ఒక షెడ్డులో పాత గాలి తుపాకులు బాగుచేయు పెద్దాయన ఉన్నాడని విని అక్కడకు పోయినాము. ఆయన దానిని విప్పి భాగములన్నియు గుడ్డపై పేర్చినాడు. అవి చూడగానే మాకు చిన్ననాటి మా ఇంటి కిరసనాయిలు స్టవ్ జ్ఞాపకమునకు వచ్చినది. పంపు కడ్డీ, దాని చివర గాలిని తోసెడి వాషరు, లోనికి పోయిన గాలిని తిరిగి రానీయని వాల్వు. తుపాకిలో అదనముగా ఉన్నది బయటకు వదలెడి రెండవ వాల్వు, దానిని కొట్టుటకు ఒక చిన్న సుత్తి. మీట నొక్కగానే సుత్తి పోయి వాల్వును తట్టును. అది ఒక్క క్షణము తెరచుకొనును, గాలి నాళములోనికి దూకి గుండును తోయును. ఇంతకంటె రహస్యమేమియు లేదు. పాడైనది కూడ స్టవ్‌లో పాడైనదే. రబ్బరు, వాషరు గట్టిపడి చీలిపోయినవి. ఇంట్లో స్టవ్ మండనప్పుడు మా తాతగారు తోలు వాషరుకు నాలుగు చుక్కల నూనె వేసి, వ్రేళ్లతో దాని అంచును విప్పి మరల పెట్టెడివారు. ఆ పెద్దాయన చేతులు కూడ ఆ విధముగానే కదలినవి.

క్రొత్త రబ్బర్లు వేసిన పిదప ఆయన మాకు మూడు మాటలు చెప్పినాడు. తుపాకిని మూలన పెట్టునప్పుడు గుండు లేకుండ ఒక పంపు గాలి ఉంచవలెను. అప్పుడు వాల్వు తన గూటిలో అదిమియుండి దుమ్ము చేరదు. అయితే గాలి ఉన్న తుపాకిని నిండిన తుపాకిగానే భావించవలెను. రెండవది, ఉక్కు పూసలు వాడరాదు. వాటివలన ఇత్తడి నాళములోని మెలిక గాళ్లు అరిగిపోవును, పైగా గట్టి వస్తువునకు తగిలినచో అవి వెనుకకు ఎగిరివచ్చును. మెత్తని సీసపు గుండ్లే వాడవలెను, వాడిన పిదప చేతులు కడుగుకొనవలెను. మూడవది, ఎనిమిది పంపులు మించరాదు.

మూడవ మాట దగ్గరనే మా ఇంట వివాదము పుట్టినది. బాగుపడిన తుపాకిని చూచి మా కుమారుడు తృప్తిపడలేదు. “అబ్బాజాన్, దీనిని ఇంకా బలముగా చేయవచ్చునట” అని మొదలుపెట్టినాడు. వాడు చెప్పినదానిలో అబద్ధము లేదు. పాత పంపులో కడ్డీ చివరకును వాల్వుకును మధ్య కొంత ఖాళీ మిగులును. ఆ ఖాళీలో చిక్కిన గాలి ప్రతి పంపునకును లోనికి పోక వృథా అగును. ఆ రెండింటి ముఖములను చదునుగా చేసి అమర్చినచో ఖాళీ తగ్గును, ప్రతి పంపునకును ఎక్కువ గాలి లోనికి చేరును. వాల్వును, సుత్తి స్ప్రింగును కూడ మార్చినచో ఎనిమిదికి బదులు పదునాలుగు పంపులు కూడ కొట్టవచ్చును. ఇట్టి మార్పులు చేసి ఇచ్చెడివారు అమెరికాలో ఉన్నారు. క్రాస్‌మన్ 1377 వంటి చేతి తుపాకులకు ప్లాస్టిక్ భాగము తీసి ఉక్కు భాగము పెట్టుకొనుట, దూరదర్శిని అమర్చుకొనుట కూడ అక్కడ సర్వసాధారణము.

మార్పులన్నియు తప్పని మేము అనము. వస్తువును ఉన్నది ఉన్నట్లు గాజు బీరువాలో పెట్టవలెను, మేకు కూడ కదపరాదనెడి సేకరణకర్తలతో మాకు ఏకీభావము లేదు. పనిచేయుటకు పుట్టిన వస్తువు పనిచేయుటలోనే దానికి గౌరవమున్నది. పాత తోలునకు, రబ్బరునకు బదులు నేటి మన్నికగల పదార్థము వేయుట మంచిదే. పాత భాగములను పారవేయక ఒక డబ్బాలో దాచినచో తరువాతివారికి మేలు. కంటి దగ్గర చిన్న రంధ్రము గల గురిపలక అమర్చుకొనుట మంచిదే, గురి స్థిరపడును. కాని ఒక్కొక్క మార్పు ఆ వస్తువు శరీరధర్మమును ఎరిగి చేయవలెను. షెరిడాన్‌లో నాళమును పంపు గొట్టమునకు పొడవునా టంకముతో అతికినారు. బరువైన దూరదర్శిని కొరకు దానిపై బిగింపులు గట్టిగా బిగించినచో ఆ టంకము విడిపోవు ప్రమాదమున్నది. నికెల్ పూత మాసినదని గీకి మెరుగుపెట్టినచో పనివాని చేతి గుర్తులే చెరిగిపోవును. బాగుచేయుట అనగా వస్తువును తన స్వభావమునకు తిరిగి తెచ్చుట. బలము పెంచుట అనగా దానికి లేని స్వభావమును అంటగట్టుట. ఈ రెండింటికిని ఒకే పేరు పెట్టి పిలుచుటయే చిక్కులకు మూలము.

ఇక బలము వలన కలుగు లాభమెంత? మార్పు చేయని తుపాకిలో హద్దు దాటి పంపు కొట్టినచో ఒత్తిడికి వాల్వు బిగుసుకొనును. చిన్న సుత్తి దానిని పూర్తిగా తెరువజాలదు, గాలి కొంత లోపలనే మిగిలిపోవును. చెమట రెట్టింపు, ఫలము స్వల్పము. మార్పు చేసినదానిలోనైనను చివరి పంపులు మొదటి పంపులంత ఇవ్వవు. కాని వేగము కొద్దిగా పెరిగినను దెబ్బ కొద్దిగా పెరుగునని అనుకొనరాదు. వేగము రెట్టింపైనచో గుండులోని శక్తి నాలుగు రెట్లగునని మన భౌతికశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. అమెరికాలో వినియోగదారుల క్షేమమును చూచు ప్రభుత్వ సంఘము, సెకనుకు 350 అడుగుల వేగము మించిన గాలి తుపాకులను 16 ఏండ్లలోపు పిల్లలు వాడరాదని సలహా ఇచ్చుచున్నది. వేగము కొలిచెడి యంత్రము పెట్టి ఆ పెద్దాయన మాకు చూపినాడు. మా షెరిడాన్ మూడు పంపులకే ఆ హద్దు దాటినది, ఎనిమిదింటికి 600 అడుగులు మించినది. ఆటవస్తువని మేము ఇంటికి తెచ్చినది ఆటవస్తువు కాదు. కంటికి తగిలినచో కన్ను పోవును, అంతకంటె మించిన కీడు కూడ జరుగవచ్చును.

గురికి బలమే ప్రధానమనువారికి ఒక్క దృష్టాంతము చాలును. ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్‌రైఫిల్ పోటీ కలదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణపతకము, 2012లో లండనులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యపతకము గెలిచినది ఈ పోటీలోనే. ఆ తుపాకుల గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు, శక్తి సుమారు 7.5 జౌళ్లు మాత్రమే. లక్ష్యము నడుమ ఉండెడి చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. మా పాత షెరిడాన్ ఎనిమిది పంపులకు ఆ శక్తికి రెట్టింపు ఇచ్చును. ప్రపంచ విజేతకు చాలిన బలము మా పెరటిలో చాలకపోవుట ఏమి న్యాయము? లోపమున్నది తుపాకిలో కాదు, ఊపిరి బిగబట్టలేని మన శరీరములో. ఈ మాటకు మా కుమారుడు నవ్వినాడు గాని ఒప్పుకొనలేదు.

వానిని ఒప్పించినది వాదము కాదు, ఒక సాయంకాలము. చిత్రము తీసి మిత్రునికి పంపుటకు వెలుతురు బాగుండునని వాడు ఆ తుపాకిని ఒర లేకుండనే చేతబట్టి ఇంటి ముందరి పచ్చికలోనికి పోయినాడు. మా ఇల్లాలు కిటికీలోనుండి చూచినది. గోధుమరంగు శరీరము, నల్లని జుట్టు, చేతిలో పొడవైన తుపాకి. దారిన పోవువారికి అది గాలి తుపాకియో మందు తుపాకియో తెలియు మార్గము లేదు. ఆమె కేక వేయలేదు. మెల్లగా బయటకు పోయి “దానిని గడ్డిమీద పెట్టి లోపలికి రా, బాబూ” అని మాత్రమే అన్నది. వాడు పెట్టినాడు. తుపాకిని ఒక దుప్పటిలో చుట్టి ఆమెయే లోనికి తెచ్చినది. ఆ తరువాత చాలసేపు ఆమె చేతులు వణకుచుండుట మేము చూచినాము.

ఆమె భయము అకారణము కాదు. 2014 ఆగస్టు 5వ తేదీన ఓహైయో రాష్ట్రములోని బీవర్‌క్రీక్‌లో జాన్ క్రాఫర్డ్ అను 22 ఏండ్ల నల్లజాతి యువకుడు ఒక పెద్ద దుకాణములో అరపై ఉన్న గాలి తుపాకిని చేతిలోనికి తీసికొని, ఫోనులో మాట్లాడుచు తిరుగుచుండెను. అది పంపు కొట్టెడి రకమే. దానిని చూచిన వారొకరు పోలీసులకు ఫోను చేసినారు. పోలీసులు వచ్చినారు, కొద్ది క్షణములలోనే కాల్చినారు, అతడు మరణించినాడు. గ్రాండ్ జ్యూరీ ఎవరిపైనను నేరము మోపలేదు. ఆ సంగతి మేము ఆ రాత్రి భోజనముల దగ్గర మా కుమారునికి చెప్పినాము. వాడు అన్నము ముట్టక చాలసేపు కూర్చుండి, “నేను దానిని ఇంకా బలముగా చేయవలెనని అడుగుచున్నాను” అన్నాడు. ఆ తరువాత ఆ ప్రసక్తి మా ఇంట రాలేదు.

ఇక్కడ న్యాయముగా ఎదుటిపక్షపు మాట కూడ చెప్పవలెను. అమెరికా పల్లెలలో ఉడుతలను, కుందేళ్లను చట్టప్రకారము వేటాడువారు కలరు. బలము చాలని తుపాకితో జంతువును గాయపరచి వదలుట పాపము, బలమున్నచో అది బాధ లేకుండ చచ్చునని వారి వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. కాని ఆ సత్యము నుండి వచ్చు నీతి వేరు. తన తుపాకికి అందనిదానిని కొట్టకుండుట, దగ్గరకు పోలేనప్పుడు చేయి దించుట వేటగాని ధర్మము. పదునాలుగు పంపుల బలము చేతికి వచ్చినవాడు పదునాలుగు పంపుల దూరమునకు ఆశపడును గాని గురి కుదురువరకు ఆగడు. ఆ విధముగా గాయపడి పొదలో దూరిన జీవములను గురించి ఆ పెద్దాయనయే మాకు చెప్పినాడు.

మన దేశపు పక్షిశాస్త్రమునకు పితామహుడైన సలీం అలీ గారి జీవితము ఇక్కడ తలచుకొనదగినది. బాల్యములో ఆయన ఒక బొమ్మ గాలి తుపాకితో పిచ్చుకను కొట్టినాడు. దాని గొంతుపై పసుపుపచ్చని మచ్చ చూచి ఇది ఏ జాతి పక్షియని సందేహపడినాడు. మేనమామ ఆయనను బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపగా, అక్కడ మిల్లార్డ్ అను కార్యదర్శి ఆ బాలునికి పక్షుల సంపుటములను తెరచి చూపినాడు. ఆ బాలుడే పెద్దవాడై 1930 దశకము తొలి సంవత్సరములలో మన హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించి నమోదుచేసినాడు. తన ఆత్మకథకు ఒక పిచ్చుక పతనమనెడి అర్థము వచ్చు పేరు పెట్టుకొన్నాడు. ఆ పిచ్చుక పడిన పిదప పుట్టిన ప్రశ్న ఆయనను గొప్పవానిని చేసినది, దానిని పడగొట్టిన తుపాకి కాదు. ఆ ప్రశ్న పుట్టనిచో ఆయనయును తుపాకి పట్టిన వేలమంది పిల్లలలో ఒకడై ఉండెడివాడు.

ఇక్కడి విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. మన దేశములో 2016 ఆయుధ నియమావళి ప్రకారము నాళము 4.5 మిల్లీమీటర్లు మించినను, శక్తి 20 జౌళ్లు మించినను ఆ గాలి తుపాకికి లైసెన్సు అవసరము. మా షెరిడాన్ నాళము 5 మిల్లీమీటర్లు కావున ఇక్కడ అది ఇష్టమువచ్చినట్లు ఉంచుకొను వస్తువు కాదు. లైసెన్సు అక్కరలేనిదానితోనైనను పిట్టలను కొట్టుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. చట్టము చూడదు గదా అనుకొనువాడు, ఎదుటి మేడపై ఆరవేసిన బట్టల నడుమ ఒక పసివాడు ఉండవచ్చునని తలచవలెను.

మా తుపాకి నేడును మా ఇంట ఉన్నది. దానికి క్రొత్త రబ్బర్లు వేయించినాము, కంటి గురిపలక పెట్టించినాము. ఒక తాళపు పెట్టె, బయట మోయుటకు ఒక ఒర కొన్నాము. ఖర్చులో ఎక్కువ భాగము ఈ చివరి రెండింటికే అయినది. అవియే ఆ తుపాకికి మేము చేసిన ఉత్తమమైన మార్పులని మా అభిప్రాయము. నేలమాళిగలో, ఇసుక నింపిన పెట్టె ముందు కాగితము కట్టి, కండ్లకు అద్దములు పెట్టుకొని, తండ్రీకొడుకులము ఆదివారములు కూర్చుందుము. వాడు మూడు పంపులు కొట్టును. నాలుగవది కొట్టుటకు నియమము అడ్డు లేదు, చేయియు అలసిపోలేదు. అయినను కాగితము పది గజముల దూరముననే ఉన్నది గనుక మూడు చాలునని కర్ర మూయును.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! రేపు మీ చేతికి తుపాకి రాకపోవచ్చును గాని, బలము ఏదో ఒక రూపమున తప్పక వచ్చును. పదవి కావచ్చును, ధనము కావచ్చును, పదుగురిలో చెల్లెడి మాట కావచ్చును. దానిని ఎంతవరకు పెంచవచ్చునని చెప్పువారు మీ చుట్టును చాలమంది ఉందురు. ముందున్న పనికి ఎన్ని పంపులు చాలునో లెక్కవేసికొని, అక్కడ ఆగుట మాత్రము మీకు మీరే నేర్చుకొనవలసి ఉండును.